ఇంటికి వచ్చిన పాఠము, ఇంటికి రాని పరీక్ష

2012వ సంవత్సరము తొలి నెలలలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ తన విద్యుద్వలయముల పాఠ్యక్రమమును అంతర్జాలము ద్వారా లోకమునకంతకు ఉచితముగా అందించెను. కలన గణితము, అవకలన సమీకరణములు కొంతవరకైనను రానివారికి ఆ పాఠము కొరకరాని కొయ్య. అయినను సుమారు 1,55,000 మంది పేర్లు నమోదు చేసికొనిరి. కడవరకు నిలిచి ఉత్తీర్ణులైనవారు 7,157 మంది. అంతిమ పరీక్షలో ఒక్క మార్కైనను పోగొట్టుకొననివారు 340 మంది. ఆ 340 మందిలో ఒకడు మంగోలియా రాజధాని ఉలాన్‌బాటరు నగరమునకు చెందిన 15 ఏండ్ల బాలుడు.

పత్రికలు ఆ బాలుని గూర్చి విశేషముగా వ్రాసినవి. తరువాత ఆ విద్యాసంస్థయే అతనిని తన విద్యార్థిగా చేర్చుకొనెను. కనుక అతని విషయమున సందేహమునకు తావు లేదు. మిగిలిన 339 మంది మాట ఏమి? వారు తమ తమ ఇండ్లలో, ఎవరును చూడకుండగా జవాబులు వ్రాసిరి. సొంతముగానే వ్రాయుదుమని ముందుగా మాట ఇచ్చిరి. ఆ మాటయే వారి పరీక్షకు కాపలా. వారిలో అత్యధికులు మాట నిలుపుకొనియే ఉందురు. కాని ఉద్యోగమిచ్చువాడు గాని, మరొక విశ్వవిద్యాలయము గాని ఆ యోగ్యతాపత్రమును చేత పట్టుకొని “ఇది ఈతడే వ్రాసినాడా?” అని అడిగినచో అవునని చెప్పగలవారు లేరు. ఇందువలన నష్టము కాపీ కొట్టినవానికి కాదు, నిజాయితీగా వ్రాసినవానికి. వాని విద్యకు సాక్షి లేకపోయెను.

బోధించుట ఒక పని. బోధపడినదని సాక్ష్యము పలుకుట మరొక పని. ఒకే కళాశాలలో, ఒకే అధ్యాపకుని యెదుట రెండును జరుగుచున్నంత కాలము ఈ భేదము మనకు కనబడదు. విద్యార్థి దూరమునకు పోయినపుడే అది బయటపడును. టపా, రేడియో, టెలివిజను, అంతర్జాలము ఒకదాని తరువాత ఒకటి పాఠమును మోసికొనిపోయినవి. పరీక్షను మాత్రము ఏ వాహనమును సులభముగా మోయలేకపోయినది. అంతర్జాలములో గణితము నేర్చుకొను విద్యార్థికి పరీక్ష ఎక్కడ, ఎవరి కనుసన్నలలో జరుపవలెనన్న నేటి చిక్కు ఈ పాత కథలోని తాజా అధ్యాయము.

పరీక్షార్థిపై కాపలా ఉంచుట కొత్త సంగతి కాదు. చీనా దేశములో సుంగ్ వంశపు రాజుల కాలమునాటికే, అనగా ఇంచుమించు వెయ్యి సంవత్సరముల క్రిందటనే, సర్కారు కొలువునకు జరుగు పరీక్షలలో జవాబుపత్రముపై అభ్యర్థి పేరు కనబడకుండ కాగితము అంటించెడివారు. చేవ్రాత చూచి మనిషిని గుర్తుపట్టుదురేమోనని జవాబులన్నింటిని లేఖకులచే తిరిగి వ్రాయించి, ఆ ప్రతులనే పరీక్షకులకు ఇచ్చెడివారు. అక్కడ దిద్దువానిని కూడ నమ్మలేదన్నమాట.

గణితమునకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానము కలదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో పట్టపు పరీక్షలు మొదట లాటిను భాషలో నోటితో జరిగెడి వాదములు. 18వ శతాబ్దములో గణితమునకు ప్రాధాన్యము పెరిగినకొలది వాదములు వెనుకబడి, కాగితముపై లెక్కలు చేయించు పద్ధతి బలపడెను. లెక్కను నోటితో వాదించుట కంటె వ్రాసి చూపుట తేలిక. ఇరువురు వ్రాసిన లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి తూచుట మరియు తేలిక. నేడు ప్రపంచమంతట విద్యార్థులు మూడు గంటలసేపు కూర్చుండి వ్రాయు పరీక్షకు మూలములు వెదకినచో, ఆ కేంబ్రిడ్జి గణిత పరీక్ష ముఖ్యమైనదిగా కనబడును.

ఆ విశ్వవిద్యాలయమే 1858 డిసెంబరులో పరీక్షను తన గోడలు దాటించెను. పాఠశాలల బాలురకు వారి వారి ఊళ్ళలోనే పరీక్ష పెట్టుటకు కేంబ్రిడ్జితో కలిపి ఎనిమిది పట్టణములను ఎన్నుకొనిరి. ప్రశ్నపత్రములను తాళము వేసిన పెట్టెలలో పెట్టుకొని, పరీక్షాధికారులే రైలెక్కి ఆయా ఊళ్ళకు పోయిరి. తెచ్చినవారే దగ్గర కూర్చుండి వ్రాయించి, జవాబుపత్రములు తిరిగి పెట్టెలో పెట్టుకొని వచ్చిరి. తాళము వేసిన పెట్టె, దానిని తెచ్చు మనిషి, గడియారమున్న గది, ఆ గదిలో అభ్యర్థి – దూరపు పరీక్షకు కావలసిన సరంజామా ఇంతే. నేటికిని దీనిలో ముఖ్యమైన భాగమేదియు మారలేదు.

ఆ పెట్టెవలన ఎవరికి మేలు కలిగినదో కూడ చూడవలెను. 1863లో ఎమిలీ డేవిస్ అను విదుషీమణి పట్టుబట్టి, అవే ప్రశ్నపత్రములను అనధికారముగా బాలికలకు ఇచ్చి చూచుటకు అనుమతి సంపాదించెను. పెద్ద తరగతి బాలికలలో చాలమంది అంకగణితములో తప్పిరి. ఆడపిల్లలకు లెక్కలు రావని అనుటకు అదే చాలునని కొందరు సంతోషించియే ఉందురు. డేవిస్ మాత్రము ఆ ఫలితమును మరొక విధముగా చదివెను: వారికి లెక్కలు సరిగా చెప్పినవారు లేరు. పాఠశాలలు మేలుకొని అంకగణితమును శ్రద్ధగా చెప్పగా, కొద్ది ఏండ్లలోనే ఆ లోపము చాలవరకు తీరెను. 1865 నుండి బాలికలకు ఆ పరీక్షలలో అధికారికముగా ప్రవేశము లభించెను. బాలురకిచ్చిన ప్రశ్నలనే, బాలురపై ఉంచిన కాపలాతోనే వ్రాసిరి గనుక వారి ఉత్తీర్ణతను కాదనుటకు ఎవరికిని నోరు రాలేదు. పర్యవేక్షణ అనగానే దొంగను పట్టుకొనుటయే మనకు తోచును గాని, దిక్కులేని విద్యార్థికి సాక్షిగా నిలుచుట దాని మొదటి ఉపయోగము.

అదే 1858లో లండన్ విశ్వవిద్యాలయము కొత్త సనదు పొంది, వైద్యము తప్ప మిగిలిన పట్టములకు కళాశాలలో చదివి తీరవలెనను నియమమును ఎత్తివేసెను. ఎక్కడ చదివినను, అసలు కళాశాల ముఖము చూడకపోయినను, పరీక్షకు వచ్చి కూర్చున్న చాలును. 1865 నుండి సముద్రముల కావలి వలస రాజ్యములలోను ఈ పరీక్షలు మొదలైనవి. రెండవ ప్రపంచ యుద్ధకాలములో శత్రువుల చేజిక్కిన సైనికులు కూడ ఈ పరీక్షలకు చదివిరి. 1940 – 1945 సంవత్సరముల మధ్య 88 బందీ శిబిరములలో ఇంచుమించు 11,000 పరీక్షలు జరిగినట్లు ఆ విశ్వవిద్యాలయపు చరిత్ర తెలుపుచున్నది. ముండ్లకంచె నడుమనున్నవానికి కూడ ఇంత తతంగము ఎందుకని అడుగవచ్చును. ఆ తతంగము లేకున్నచో యుద్ధము ముగిసి ఇంటికి వచ్చిన తరువాత వాని పట్టమును పట్టమని ఎవరు ఒప్పుకొందురు?

లండన్ నమూనానే అనుసరించి 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు ఏర్పడినవి. తొలి దశలో ఇవి పాఠములు చెప్పలేదు, పరీక్షలు మాత్రమే జరిపినవి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలయునంతవరకు మదరాసు రాజధానిలోని తెలుగు జిల్లాల కళాశాలలకు పట్టపు పరీక్షలు మదరాసు విశ్వవిద్యాలయమువే. ప్రశ్నపత్రము మరియొక ఊరినుండి ముద్రతో వచ్చును, దిద్దువారెవరో తెలియదు, మధ్యలో కాపలా ఒకడు – ఈ అలవాటు మనకు అప్పటినుండి ఒంటబట్టినది.

టపా ద్వారా పాఠములు పంపు పద్ధతి మనదేశములో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయముతో మొదలై, 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చెను. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. దేశములో ఆ జాతి విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది. 1991 నుండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరిట నడచుచున్నది. పాఠపుస్తకము ఇంటికి వచ్చెను, రేడియోలో ప్రసంగము వచ్చెను. పరీక్ష మాత్రము కేంద్రములోనే. పొలము పని, కార్ఖానా పని చేసికొనుచు చదివినవారు ఆ దినములకు సెలవు పెట్టుకొని, హాలుటిక్కెట్టు జేబులో పెట్టుకొని పట్టణమునకు బస్సెక్కవలసినదే.

ఇంతలో యంత్రగణకము వచ్చెను. గణితమునకు దానివలన ఒక విచిత్రమైన సౌకర్యము కలిగినది. అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయములో మైకేల్ గేజ్, ఆర్నోల్డ్ పైజర్ అను ఇద్దరు గణితాచార్యులు 1990ల నడుమ వెబ్‌వర్క్ అను కార్యక్రమమును తయారుచేసిరి. ఇంటిలెక్కలను విద్యార్థికి ఇచ్చి, జవాబును క్షణములో దిద్దునది అది. దానిలోని చమత్కారమేమనగా, ఒకే లెక్క ఒక్కొక్కరికి ఒక్కొక్క అంకెలతో వచ్చును. ఒకనికి 3x²+5x అను ప్రమేయమునకు x=2 వద్ద అవకలజము కనుగొనుమని వచ్చినచో, వాని జవాబు 17. ప్రక్కవానికి 7x²+2x వచ్చును. వాని జవాబు 30. మొదటివాడు తన 17ను చెవిలో ఊదినను రెండవవానికి ప్రయోజనము లేదు. పద్ధతి చెప్పవలసినదే. పద్ధతి చెప్పుట బోధన యగును గాని దొంగతనము కాదు!

కాపలావానిని గదిలో గాక ప్రశ్నలోనే కూర్చుండబెట్టుట ఇది. చరిత్ర, సాహిత్యము వంటి విషయములలో ఇంత తేలికగా సాధ్యము కాదు. అయితే దీనికి హద్దు ఉన్నది. తెలిసిన స్నేహితుడే వచ్చి ఆ కుర్చీలో కూర్చుండి లెక్క చేసినచో, అంకెలను ఎన్ని మార్చినను లాభము లేదు. 2009లో ఉల్ఫ్రం ఆల్ఫా అను సాధనము వచ్చెను. సమాకలనము అడిగినచో జవాబు చెప్పును. మెట్టు మెట్టుగా చేసి కూడ చూపును. 2014లో వచ్చిన ఫోటోమ్యాత్ అను మరొక సాధనమునకు సమీకరణమును టైపు చేయు శ్రమయైన అక్కరలేదు. టెలిఫోను కెమెరాను పుస్తకమువైపు చూపిన చాలును. ఇక ఇంటిలో ఒంటరిగా చేయు గణిత పరీక్ష విలువ ఏమి?

ఈ ప్రశ్న 2012 – 2013 సంవత్సరములలో ఒక్కసారిగా పెద్దదయ్యెను. 2011 చివరలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునుండి వెలువడిన కృత్రిమ మేధ పాఠములకు 1,60,000 మంది చేరిరి. మరుసటి ఏడు ఉడాసిటీ, కోర్సెరా, ఎడెక్స్ అను సంస్థలు పుట్టినవి. పాఠము ఉచితమే. కాని దానిని కళాశాల చదువులో లెక్కకు తీసికొనవలెనన్నచో సాక్ష్యము కావలెను. ఎడెక్స్ పాత త్రోవనే నడచెను. 2012 సెప్టెంబరులో పియర్సన్ సంస్థతో ఒప్పందము చేసికొని, 110 దేశములలో ఆ సంస్థకున్న 450కి పైగా పరీక్షాకేంద్రములలో కోరినవారికి పరీక్ష పెట్టుదుమని ప్రకటించెను. తాళపు పెట్టె, రైలు, గది – అదే కథ.

కోర్సెరా మరొక త్రోవ పట్టెను. 2013 ఫిబ్రవరిలో అమెరికా విద్యామండలి ఆ సంస్థ పాఠ్యక్రమములలో ఐదింటిని పరిశీలించి, వానికి కళాశాల క్రెడిట్లు ఈయవచ్చునని సిఫారసు చేసెను. ఐదింటిలో మూడు గణితమే: బీజగణితము, కలన గణితమునకు ముందు నేర్వవలసిన పూర్వపాఠము, ఏకచరరాశి కలన గణితము. షరతు ఒకటి – అంతిమ పరీక్ష పర్యవేక్షణలో జరుగవలెను. ఆ పర్యవేక్షణ విద్యార్థి ఇంటిలోనే, అతని గణకయంత్రమునకున్న కెమెరా ద్వారా జరిగెను. వేల మైళ్ళ దూరమున తెర ముందు కూర్చున్న ఉద్యోగి ఒకడు ఒకేసారి పలువురను గమనించుచుండును. దీనికి రుసుము 60 నుండి 90 డాలర్లు.

ఈ కెమెరా పరీక్ష ఎట్లు సాగునో కొంచెము వివరముగా చెప్పుట మంచిది. మొదట విద్యార్థి తన ఫోటో గల గుర్తింపుపత్రమును కెమెరాకు చూపవలెను. తరువాత కెమెరాను నెమ్మదిగా త్రిప్పి నాలుగు గోడలు, బల్లపైన, బల్లక్రింద చూపవలెను. కొన్నిచోట్ల చిన్న అద్దము పట్టుకొని తెర అంచులలో కాగితములు అంటించి లేవని కూడ చూపవలసియుండును. గదిలోనికి మరియెవరును రాకూడదు. ఇదంతయు ఏ విషయమునకైనను సమానమే. గణితమునకు వచ్చునప్పటికి చిక్కు మొదలగును. గణిత విద్యార్థికి చిత్తుకాగితము లేనిదే చేయి ఆడదు. కనుక తెల్లకాగితమును రెండువైపుల కెమెరాకు చూపి మొదలుపెట్టుట, పరీక్ష ముగిసిన తరువాత ఆ కాగితమును కెమెరా ముందే చించివేయుట ఆచారమయ్యెను. ప్రశ్నలు బయటికి పోకుండుటకు ఆ ఏర్పాటు.

కాని చించివేయబడుచున్నదేమి? కేంబ్రిడ్జి పరీక్షకులు చదివి మార్కులు వేసినది ఆ కాగితమునే. ఏ సూత్రము తోచినది, ఎక్కడ గుర్తు పొరపడినది, తప్పును తానే ఎట్లు పట్టుకొన్నాడు – విద్యార్థి ఆలోచన అంతయు అందులోనే యుండును. తెరపైనున్న గడిలోనికి చేరునది తుది అంకె మాత్రమే. కాపలా గట్టిదే కాని, కాపలా కాచినది ధాన్యమును గాక ఊకనేమో అని అధ్యాపకులకు సందేహము కలుగుట సహజము. తరువాతి కాలములో అనేక గణిత శాఖలు కాగితమును చింపించుట మాని, గడువు ముగియగానే ఫోటో తీసి పంపుమని అడుగసాగినవి. కెమెరాను ముఖము మీదనుండి చేతులమీదికి త్రిప్పించిరి.

మరొక చిక్కు ఉన్నది. మనిషికి బదులు యంత్రమే కాపలా కాయు పద్ధతి వచ్చిన తరువాత, విద్యార్థి చూపు తెరను విడిచి పోయినచో అది అనుమానముగా నమోదగును. లెక్క చేయువాని చూపు తెరమీద ఎప్పుడుండును? సగము సేపు కాగితము మీద, సగము సేపు పైకప్పు మీద.

అదే 2013లో శాన్ హోసే రాష్ట్ర విశ్వవిద్యాలయము ఉడాసిటీతో కలిసి మూడు పాఠ్యక్రమములు నడిపెను. మూడును గణితమే: వెనుకబడినవారికి ప్రాథమిక బీజగణితము, కళాశాల బీజగణితము, సాంఖ్యకశాస్త్రము. ఒక్కొక్కదానికి రుసుము 150 డాలర్లు. చేరినవారిలో ఇదివరకే గణితములో తప్పినవారును, ఉన్నత పాఠశాల పిల్లలును ఉండిరి. వీరిలో కొందరి ఇండ్లలో సరియైన గణకయంత్రమే లేదన్న సంగతి పాఠములు మొదలైన తరువాత గాని నిర్వాహకులకు తెలియలేదు. మూడింటిలో దేనిలోను 51 శాతమునకు మించి ఉత్తీర్ణులు కాలేదు. మామూలు తరగతులలో అది 74 శాతము, అంతకు పైన. జూలైలో ఆ ప్రయోగమును ఆపివేసిరి. ఆ విద్యార్థులను పడగొట్టినది పరీక్ష కాపలా కాదు. అయితే ఆ కాపలా ఒక పని చేసినది. పరీక్ష ఇంటివద్ద మాటమీద జరిగియున్నచో మార్కులు మెరుగుగా కనబడియుండును, వారికి పాఠము అందలేదన్న నిజము మరుగున పడియుండును. 1863 నాటి బాలికల అంకగణితము ఇక్కడ జ్ఞప్తికి రాక మానదు.

మాటమీద జరిగిన పరీక్షలలో మోసమెంత? దీనికి హార్వర్డు, మసాచుసెట్స్ పరిశోధకులు 2015లో ఒక లెక్క తేల్చిరి. 115 పాఠ్యక్రమములలో 19 లక్షల మంది విద్యార్థుల చర్యలు నమోదైన పట్టికలను వారు పరిశీలించిరి. కొందరు రెండేసి పేర్లతో చేరియుండిరి. ఒక పేరుతో ఊరక ఏదో జవాబు కొట్టి, యంత్రము సరియైన జవాబు చూపగానే, దానిని రెండవ పేరుతో కొన్ని క్షణములలో ఎక్కించుచుండిరి. ఇట్టివారు 657 మంది దొరికిరి. వారు కనబడిన 69 పాఠ్యక్రమములలో ఇచ్చిన యోగ్యతాపత్రములలో వారివి 1.3 శాతము. ఇది చిన్న అంకెయే. కాని 20 లేక అంతకు మించిన యోగ్యతాపత్రములు సంపాదించినవారిని మాత్రమే తీసికొన్నచో నలుగురిలో ఒకడు ఈ ఉపాయము పన్నినవాడే. నివారణగా వారు సూచించినవి రెండు: గడువు తీరువరకు జవాబు చూపకుండుట, ఒక్కొక్కరికి వేరు వేరు ప్రశ్నలిచ్చుట. రెండవది వెబ్‌వర్క్ తెలిసినవారికి పాత మందే.

మనదేశములో ఈ సమస్యను పరిష్కరించిన తీరు ఎక్కువ ప్రచారము పొందలేదు గాని, గమనింపదగినది. ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పథకము చలనచిత్ర పాఠములను ఉచితముగా అందించెను. 2014 నుండి కోరినవారికి యోగ్యతాపత్రము ఈయసాగెను. రేఖీయ బీజగణితము, వాస్తవ విశ్లేషణము, సంభావ్యతా సిద్ధాంతము మొదలైన గణిత పాఠములెన్నో ఇందులో కలవు. నూటికి 25 మార్కులు ప్రతి వారము ఇంటివద్ద చేయు లెక్కలకు, 75 మార్కులు కేంద్రమునకు పోయి పర్యవేక్షణలో వ్రాయు పరీక్షకు. రెండింటిలోను విడివిడిగా కనీసపు మార్కులు రావలెను: మొదటిదానిలో 10, రెండవదానిలో 30. ఇంటి లెక్కలు నలుగురిని అడిగి చేసినను తప్పు పట్టరు, నేర్చుకొనుటకే గదా అవి. కాని నీవు నేర్చినది ఎంతో నీవే వచ్చి చూపుమందురు. నమ్మకమునకు నాలుగవ వంతు, సాక్ష్యమునకు మూడు వంతులు. పెళ్ళిబేరములలో కూడ ఇంత కచ్చితమైన పంపకము అరుదు!

పాఠము ఉచితము. పరీక్షకు మాత్రము చాలకాలము రుసుము 1,000 రూపాయలుగా ఉండెను. ఆ రూపాయలు పోవునది కుర్చీకి, గదికి, గుర్తింపుపత్రము చూచు మనిషికి. పాఠమును ఒకసారి చిత్రించినచో పది మంది చూచినను, పది లక్షల మంది చూచినను ఖర్చు ఇంచుమించు ఒకటే. కాపలా అట్లు కాదు, తలకింతయని లెక్క. అంతర్జాల విద్యలో చవుక కానిది ఇదొక్కటే. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము, తిరుపతి, వరంగల్లు వంటి చోట్ల ఉన్నవారికి కేంద్రము దగ్గరే. పాడేరునుండి విశాఖపట్టణపు కేంద్రమునకు రావలెనన్నచో ఘాటుదారితో కూడిన ప్రయాణము నూరు కిలోమీటర్లకు పైన. ఉదయపు పరీక్షకు ముందు రోజే దిగవలెను. రుసుమునకు తోడు బస్సు, బస, భోజనము. ఆడపిల్లయైనచో తోడు మరొకరు. ఇంటికి వచ్చిన పాఠము సమానముగానే వచ్చెను గాని పరీక్ష అందరికి సమాన దూరములో లేదు. 2016లో విశ్వవిద్యాలయముల నిధుల సంఘము విద్యార్థి క్రెడిట్లలో 20 శాతము వరకు ఇట్టి పాఠములనుండి తెచ్చుకొనవచ్చునని నిబంధన చేసెను. 2017లో “స్వయం” వేదిక దేశమునకు అంకితమైనది. 2021లో ఆ హద్దు 40 శాతమునకు పెరిగెను. కనుక ఈ దూరము ఇపుడు సరదాకు చదువుకొనువాని సమస్య కాదు, పట్టమునకు సంబంధించినది.

2020 మార్చి తరువాత కోవిడ్ వలన విశ్వవిద్యాలయములు మూతపడగా, కేంద్రములు లేక కెమెరాయే దిక్కయ్యెను. న్యాయస్థానములకును పని పడెను. 2020 జూనులో ఆంస్టర్‌డాం న్యాయస్థానము, ఆ నగరపు విశ్వవిద్యాలయము కెమెరా పరీక్ష పెట్టుట చట్టవిరుద్ధము కాదనెను. మరొక మార్గము లేని సమయమది. రెండేండ్లు గడచిన తరువాత 2022 ఆగస్టులో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో ఒక న్యాయమూర్తి మరొక విధముగా తీర్పు చెప్పెను. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయము రసాయనశాస్త్ర పరీక్షకు ముందు విద్యార్థి పడకగదిని కెమెరాతో చూపించుకొనినది. ఇది వారంటు లేకుండ ఇల్లు సోదా చేయుటతో సమానమని, రాజ్యాంగమునకు విరుద్ధమని ఆయన నిర్ణయించెను. పరీక్షాగది విద్యాలయమునకు చెందినది, అక్కడ వెదకినచో అవమానము లేదు. ఇల్లు అట్టిది కాదు. పైగా ఒకే గదిలో అయిదుగురు కాపురముండు ఇండ్లు మనకెన్నియో కలవు. “గదిలో మరియెవరును ఉండరాదు” అను నియమము వ్రాసినవారికి అట్టి ఇల్లు ఊహకు వచ్చినట్లు లేదు.

ఆ సంవత్సరమే గణితలోకము తన పెద్ద పరీక్షను ఎట్లు జరుపుకొన్నదో చూడుడు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడు 2020లో రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గులో జరుగవలసియుండెను. బాలబాలికలు ప్రయాణము చేయు వీలు లేకపోయెను. అయినను నిర్వాహకులు ఇంటిలో కెమెరా ముందు వ్రాయుడని అనలేదు. సెప్టెంబరులో ఆయా దేశములలోనే పరీక్షాకేంద్రములు ఏర్పరచి, ఒక్కొక్క కేంద్రమునకు తటస్థుడైన ఒక ప్రతినిధిని నియమించిరి. కెమెరా ఉన్నది. అది గదిని చూచుటకు, మనిషికి సాయముగా మాత్రమే. 1858లో రైలెక్కిన పరీక్షాధికారికి ఆ ఏర్పాటు ఏమాత్రము వింతగా తోచియుండదు.

తరువాత సంగతులు మరియు వేగముగా నడచినవి. 2022 నవంబరులో చాట్‌జిపిటి వెలువడెను. మొదట అది చిన్న లెక్కలలోను తడబడినది. 2025 జూలైలో గూగుల్ డీప్‌మైండ్ వారి కృత్రిమ మేధ, ఆ ఏటి గణిత ఒలింపియాడు ప్రశ్నలకు నియమిత కాలములోనే జవాబులు వ్రాసి 42కు 35 మార్కులు పొందెను. అది స్వర్ణపతకపు స్థాయి. అంకెలు మార్చి ప్రశ్న ఇచ్చుట అను కాపలా దాని ముందు నిలువదు. పద్ధతి చూపుమనుట కూడ నిలువదు, పద్ధతిని అది చక్కగా వ్రాయగలదు. కెమెరా చూపులో లేని మరొక తెర చాలును. ఈ కారణమున, ఇంటిలోనే పరీక్ష అని పదేండ్ల క్రిందట ఉత్సాహపడినవారిలో పలువురు మరల కేంద్రములవైపు, నోటిపరీక్షల వైపు చూచుచున్నారు. లాటిను వాదములను వెనుకకు నెట్టిన గణితమే నోటిపరీక్షను వెనుకకు పిలుచుకొనుట విచిత్రము. పది నిమిషములసేపు అధ్యాపకుని యెదుట నిలిచి “ఈ మెట్టు ఎందుకు వేసితివి?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పుట మోసమునకు లొంగని పరీక్షయే. కాని వేయిమంది విద్యార్థులకు పదివేల నిమిషములు కావలెను. ఉచిత పాఠము చూచిన లక్షల మందికి ఆ నిమిషములను ఎవరు ఇత్తురు?

ఇప్పటికి మన విద్యార్థి ఉదయమే కేంద్రమునకు పోవును. ద్వారమువద్ద హాలుటిక్కెట్టును, అసలు గుర్తింపుపత్రమును చూపును. గడియారము, టెలిఫోను బయట వదలును. లోపల తెరమీద ప్రశ్నలు, ప్రక్కన చిత్తుకాగితము. సమయము ముగియగానే పర్యవేక్షకుడు ఆ చిత్తుకాగితమును తీసికొని, మిగిలిన కాగితముల దొంతిలో కలుపును. దానిని చదువువారు ఎవరును లేరు.